మోకాలు నొప్పి పట్టిన ఇంజన్

మొన్న వానాకాలం చివర్లో నా పాత కారును నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు మీదున్న ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. లోపల అడుగు పెట్టగానే కాలిన ఇంజన్ ఆయిల్ వాసన, దానితో తడిసి ముద్దలైన పాత బనీను గుడ్డల వాసన, వేడెక్కిన ఇనుము చల్లారుతున్నప్పుడు వచ్చే ఒక విధమైన చేదు వాసన కలిసి మీద పడ్డాయి. మెకానిక్ స్టీరింగ్ కింద ఎక్కడో ఒక తీగ తగిలించి, చేతిలో ఫోనంత యంత్రాన్ని చూసుకుంటూ, "ప్రాబ్లం ఏంది మేడం?" అన్నాడు. ఎత్తు ఎక్కేటప్పుడు చప్పుడు వస్తోందన్నాను. "ఎసొంటి సౌండ్?" అన్నాడు. నేను ఆలోచించకుండానే పెదాలు మూసి, గొంతు లోపల్నుంచి ఆ చప్పుడు చేసి చూపించాను. అతను యంత్రం మీద నుంచి తలెత్తి, "భలే చేసిండ్రు మేడం" అని నవ్వాడు. ఇన్నేళ్లు పత్రికలో పనిచేసి రిటైరైన ఆడమనిషి నలుగురి ముందు నిలబడి ఇంజన్‌లా గుడగుడలాడితే నవ్వొచ్చే సంగతే. కానీ నేను పుట్టి పెరిగిన ఇంట్లో ఇంజన్ బాధ చెప్పుకోవడానికి అదొక్కటే పద్ధతి.

బోధన్ నుంచి వర్ని వైపు పోయే దారిలో, నిజాంసాగర్ కాలువ నీళ్లు పారే ఊరు మాది. అప్పట్లో రోడ్డుకు రెండు వైపులా చెరుకే. నిండా ఎదిగిన తోటల మధ్య నుంచి బస్సు పోతుంటే కిటికీలోంచి ఆకుపచ్చ గోడలు తప్ప ఏమీ కనిపించేవి కావు. చలికాలం వచ్చిందంటే ఫ్యాక్టరీకి చెరుకు మోసే ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు దుమ్ము లేపుకుంటూ వరసకట్టేవి. వాటి వెనకాల మేం పిల్లలం పరుగెత్తి గడలు గుంజుకునేవాళ్లం. ఫ్యాక్టరీ వాళ్లు వంతుల ప్రకారం చెరుకు కొట్టుకొమ్మనేవారు. వంతు రాక తోటలో మిగిలిపోయిన చెరుకు, ఇంటి బెల్లం కోసం అట్టిపెట్టుకున్న చెరుకు మా బాపు దగ్గరికి వచ్చేది. మా నాన్నను బాపు అనేవాళ్లం, పేరు గంగారాం. ఊరి చివర, కాలువ గట్టుకు దిగువన ఆయన బెల్లం గానుగ నడిపేవాడు. ఎడ్ల గానుగ కాదు, ఇంజన్ గానుగ.

దీపావళి దాటాక మొదలయ్యే ఆ పని ఉగాది దాకా సాగేది. ఆ నాలుగైదు నెలలు మా ఇంట్లో బట్టలు, జుట్టు, నీళ్ల బిందెలు, పుస్తకాల సంచి, అన్నీ బెల్లం వాసనే. గానుగ రోళ్ల మధ్య నలిగిన చెరుకు నుంచి రసం బట్టలోంచి వడిసి తొట్టిలోకి దిగేది, తొట్టి నుంచి పొయ్యి మీది పెద్ద ఇనుప కడాయిలోకి. ఎండబెట్టిన చెరుకు పిప్పినే పొయ్యిలోకి ఎగదోసేవారు. రసం కాగుతుండగా బెండ చెట్ల కాడలు దంచి తీసిన జిగురు పోస్తే మడ్డి అంతా నురగతో పైకి తేలేది, పెద్ద జల్లి గంటెతో దాన్ని తీసి పారేసేవారు. మడ్డి పోయాక రసం రంగు తేనెలోకి, తేనె నుంచి ఇటుక రంగులోకి మారుతుంటే, పైన బుడగలు పెద్దవై మెల్లగా పగులుతుంటే, పిల్లలమంతా మొరంగడ్డలను దారానికి కట్టి అంచు నుంచి వదిలేవాళ్లం. పుస్తకాల్లో చిలగడదుంపలని రాస్తారు గానీ మాకు అవి మొరంగడ్డలే. పాకంలో ఉడికిన మొరంగడ్డను ఊదుకుంటూ తింటే నాలుక కాలేది, అయినా ఆగేవాళ్లం కాదు. తర్వాత పిప్పి కుప్పల మీది నుంచి జారడం, ఎండిన చెరుకు ఆకులతో కిరీటాలు కట్టుకోవడం, సాయంత్రానికి మోచేతుల మీద సన్నటి గీతలు, వాటి మీద రసం పడి చురుక్కుమనడం. సద్దుల బతుకమ్మ నాడు రొట్టెల పొడితో కట్టే మలీద ముద్దల్లోకి కిందటేటి బెల్లం అట్టడుగు నుంచి గీకి తీసేది మా అమ్మ. ఆ నల్లబడ్డ బెల్లంలో కొంచెం పొగ వాసన ఉండేది. ఆ పొగ వాసన లేని మలీద నాకు ఇప్పటికీ మలీదలా ఉండదు.

ఇంత సందడికీ ప్రాణం ఆ ఇంజన్. నడుమెత్తు సిమెంటు దిమ్మ మీద బిగించిన ఒంటి సిలిండర్ డీజిల్ ఇంజన్, పక్కన చల్లబరిచే నీళ్ల డ్రమ్ము, గానుగ చక్రానికి వేసిన పొడవాటి పట్టా, పొగ గొట్టం మీద ఎగిరెగిరి పడే రేకు మూత. బాపు హ్యాండిల్ తిప్పి తిప్పి వదిలేస్తే అది రెండుసార్లు మొరాయించి, ఒక్కసారి పెద్దగా తేన్చి, డుగ్ డుగ్‌మని అందుకునేది. కాలువ అవతల బస్సు దిగినవాళ్లకు కూడా ఆ చప్పుడు వినపడేది. ఊళ్లో ఆడవాళ్లు దాన్ని బట్టే పొద్దు లెక్కేసుకునేవారు.

బాపు ఇంజన్ చప్పుళ్లకు మనుషుల జబ్బుల పేర్లు పెట్టాడు. డీజిల్‌లో గాలో నీళ్లో చేరి ఇంజన్ తడబడితే అది దగ్గు. పైన వాల్వుల దగ్గర సన్నగా టిక్కుటిక్కుమంటే పండ్లు కొరుకుడు, నిద్రలో పిల్లలు పళ్లు నూరినట్టు. దానికి తొందర లేదు, సాయంత్రం పని ముగిశాక ఒక నట్టు బిగిస్తే సరి. కింద, లోపల, బరువు పడ్డప్పుడల్లా గుడ్ గుడ్‌మని మెత్తగా గుద్దినట్టు వస్తే మాత్రం మోకాలు నొప్పి. పిస్టన్ కింది రాడ్డు వంగి లేచే కీలు దగ్గర బేరింగు అరిగిందని దానర్థం. మోకాలు నొప్పి వస్తే ఆ క్షణమే ఇంజన్ ఆపాలి, కడాయి పొయ్యి మీద ఉన్నా సరే, ఎవరు ఏమన్నా సరే. ఆయన దగ్గర తుమ్మకట్టె ఒకటి ఉండేది, చేతులు ఆడి ఆడి నున్నబడ్డది. దాని ఒక కొన ఇంజన్ మీద, ఇంకో కొన చెవి వెనకాలి ఎముక మీద ఆనించి కళ్లు మూసుకునేవాడు. పట్టా తీయించి ఒకసారి వినేవాడు, వేయించి మళ్లీ వినేవాడు.

చుట్టుపక్కల పొలాల్లో నీటి ఇంజన్లు ఉన్న రైతులు తమ బాధలతో వచ్చేవారు. బాపు వాళ్లను జబ్బు పేరు చెప్పనిచ్చేవాడు కాదు.

"గంగారామన్నా, జర మా ఇంజన్ సూడరాదే, ఏందో కొడుతుంది."

"ఎట్ల కొడుతుంది? నోటితోని కొట్టు."

వచ్చినవాడు అటూ ఇటూ చూసి, సిగ్గుపడి, "టక్కు... టక్కు" అనేవాడు.

"గంత మెల్లగనా, జెల్దినా? మీదికెల్లా, కిందికెల్లా?"

"జెల్దే అన్నా. మీదికెల్లే."

"అయితే పండ్లు కొరుకుతుంది. ఏం గాదు, పొద్దుగూకినంక వస్త."

ఒక్కోరోజు ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు గానుగ దగ్గర నిలబడి తలా ఒక రకంగా టకటకలాడుతుంటే పిల్లలం పిప్పి కుప్ప మీద పడి నవ్వేవాళ్లం. కాలువ కింద భూములు కొనుక్కుని కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల ఊళ్లను మా వైపు క్యాంపులంటారు. పక్క క్యాంపు రైతు సూర్యారావు గారు అందరికంటే శ్రద్ధగా చప్పుడు చేసేవారు. కండువా భుజాన సర్దుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టేవారు.

"మాది టకటకా కాదండీ గంగారాం గారూ, టుకుటుకుటుకూ అంటుందండి. మధ్యలో ఓ గుటక వేస్తుందండి."

"గుటక ఏస్తుందంటే దూపైతున్నట్టు సారూ. ముందుగాల టాంకిల డీజిల్ ఉందో లేదో సూస్కోండ్రి."

సూర్యారావు గారే అందరికంటే పెద్దగా నవ్వారు. ఆ రోజు నిజంగానే టాంకి ఎండిపోయి ఉందట.

బాపు చెవులు ఎప్పుడు మందగించడం మొదలైందో చెప్పలేను. ఆ ఇంజన్ పక్కన అన్నేళ్లు నిలబడ్డవాడికి అది రాక తప్పదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాకు కనబడింది ఆయన గొంతు పెద్దది కావడం ఒక్కటే. అన్నం తినడానికి పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. దారిలో ఎవరైనా పలకరిస్తే అలాగే ముందుకు పోయేవాడు. "గంగారామన్నకు పొగరెక్కింది, పిలిస్తే పలుకుతలేడు" అన్నారు ఊళ్లో. ఆ మాట ఎవరో ఆయన ముఖం మీదే గట్టిగా అంటే నవ్వి ఊరుకున్నాడు. చెవుడు అనిపించుకోవడం కన్నా పొగరు అనిపించుకోవడమే ఆయనకు నయం. ఇంజన్ మాట వినలేనివాడి గానుగకు ఎవరు చెరుకు తోలుతారు? ఇంకొకడి ఇంజన్ చూడమని ఎవరు పిలుస్తారు? ఊళ్లో ఆయనకు ఉన్న పేరంతా ఆ చెవుల మీదే నిలబడి ఉంది.

ఆ ఏడు మా అమ్మ తన చోటు మార్చుకుంది. మా వైపు చాలా ఇళ్లలో లాగే అమ్మను మేం అవ్వా అని పిలిచేవాళ్లం. అంతకుముందు ఆమె కడాయి దగ్గర మడ్డి తీసేది. అది నేర్పున్నవాళ్ల పని. దాన్ని కూలికి వచ్చిన ఒకామెకు అప్పగించి, తను ఇంజన్ పక్కన నిలబడి రోళ్లకు చెరుకు అందించే పనికి వచ్చింది. అది ఎవరైనా చేసే పని. వేడి, పొగ, చెవులు చిల్లులు పడే మోత. ఎందుకలా వచ్చిందో మాకు అర్థం కాలేదు.

ఒక మధ్యాహ్నం నేను పిప్పి కుప్ప మీద కూర్చుని గడ కొరుకుతుంటే ఇంజన్ పైభాగంలో సన్నగా టిక్కుమనడం మొదలైంది. బాపు సూర్యారావు గారితో మాట్లాడుతున్నాడు, అటు చూడలేదు. అవ్వ ఒక కట్ట చెరుకు దించి, కొంగుతో ముఖం తుడుచుకుంటున్నట్టుగా కొంగు చివర పండ్లకు ఆనించింది. బాపు మాట ఆపలేదు. కాసేపయ్యాక ఏదో గుర్తొచ్చినట్టు లేచి, తుమ్మకట్టె తీసి, ఇంజన్‌కు ఆనించి, కళ్లు మూసుకుని విని, "పండ్లు కొరుకుతుంది" అన్నాడు.

"అబ్బ, ఏం చెవండీ మీది!" అన్నారు సూర్యారావు గారు. అవ్వ వంగి ఇంకో కట్ట విప్పుతోంది.

ఆ తర్వాత నేను కనిపెట్టి చూశాను. దగ్గుకు ఛాతీ మీద చెయ్యి. మోకాలు నొప్పికి మోకాలు. జబ్బుల పేర్లన్నీ ఒంటివే కాబట్టి ఆమెకు నోరు విప్పాల్సిన అవసరమే రాలేదు. చూసినవాళ్లు అలిసిపోయింది పాపం అనుకునేవారు. వాళ్లిద్దరూ ఆ ఏర్పాటు గురించి ఎప్పుడైనా మాట్లాడుకున్నారని నేననుకోను. ఆమె చూపేది, ఆయన చూసేవాడు. అంతే.

ఆ సాయంత్రం అవ్వ జొన్నరొట్టె కొడుతుంటే అడిగాను. "అవ్వా, బాపుకు ఇనవడుతలేదా?"

రొట్టె మీద ఆమె చెయ్యి ఆగలేదు. "ఇనవడుతది. నువ్వు తిను." రొట్టెను పెనం మీద వేసి, నీళ్లు అద్ది, అప్పుడు నా వైపు తిరిగింది. "గీ మాట బయట అంటే నాల్క కోస్త బిడ్డా."

ఇంకో సీజను నడిచింది. దాని చివర్లో, మోదుగులు పూసి హోళీ దగ్గర పడ్డప్పుడు, బాల్కొండలో మా అమ్మమ్మకు బాగాలేదని కబురొచ్చింది. అవ్వ సంచి సర్దుకుంది గానీ గడప దాటలేదు.

"రెండ్రోజులు గానుగ బందు పెట్టరాదా?" అంది.

"సూర్యారావు సారు చెరుకు కొట్టిచ్చి ఏసిండు. ఎండకు గుల్లయితది. నువ్వు పోయిరా. నేను లేనా?" అన్నాడు బాపు, ఇల్లంతా వినపడేంత గొంతుతో.

ఆమె ఆయన ముఖం వంక కొంచెంసేపు చూసింది. తర్వాత నా వంక చూసి, "మణీ, రేపు బడికి పోకు. ఇంజన్ కాడ నా జాగల నిలబడే కూలామెకు చెరుకు అందియ్యి" అంది. మిగతాది చెప్పక్కర్లేదని ఇద్దరికీ తెలుసు.

మరుసటి రోజు పొద్దున్నంతా ఇంజన్ బాగానే ఉంది. ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి, లావుపాటి గడలు రోళ్ల మధ్య పడ్డప్పుడల్లా కింద నుంచి ఒక మెత్తటి దెబ్బ వినిపించడం మొదలైంది. మొదట అనుమానమే. సన్న గడలు పడ్డప్పుడు ఆగిపోయేది. లావువి పడగానే మళ్లీ, గుడ్... గుడ్... కాళ్ల కింద నేలలో కూడా తెలిసేది. బాపు కడాయి దగ్గర సూర్యారావు గారితో, ఇద్దరు ముగ్గురు రైతులతో నిలబడి పాకం చూస్తున్నాడు. ఆయన నా వైపు తిరిగేదాకా ఆగి, మోకాలి మీద చెయ్యి పెట్టాను.

బాపు ముఖంలో నవ్వు ఆరిపోయింది. ఆయన చూపు నా చేతి మీద లేదు, నా కళ్లలో ఉంది. అవ్వకు తెలుసన్న సంగతి ఆయన ఎప్పుడో దిగమింగుకున్నాడు. కూతురికి కూడా తెలుసన్నది ఆయనకు అప్పుడే తెలిసింది. పిల్లలకు తెలిసిందంటే ఇంకెవరికి తెలియదు? ఆ ఆలోచన ఆయన మొహంలో నడిచిపోవడం నేను చూశాను.

ఆయన వచ్చి తుమ్మకట్టె అందుకున్నాడు. ఒక కొన ఇంజన్‌కు, ఒక కొన చెవి వెనక. కళ్లు మూసుకున్నాడు. అంతకుముందు ఎప్పుడూ అంతసేపు వినలేదు. కట్టెను కిందికి జరిపాడు, మళ్లీ ఆనించాడు, గట్టిగా అదిమాడు. ఎముక దగ్గర చర్మం తెల్లబడింది. ఆ రోజు ఆయన వింటున్నట్టు నటించలేదు, నిజంగా వినాలని చూశాడు. చుట్టూ ఉన్నవాళ్లు మాటలాపి చూస్తున్నారు. ఆయన కళ్లు తెరిచి, "పండ్లే. ఏం గాదు, నడువనీ" అన్నాడు.

నేను మళ్లీ మోకాలు పట్టుకున్నాను.

"బాపూ" అన్నాను.

"నువ్వు ఇంటికి వో" అన్నాడు. ఆయన నాతో అంత మెల్లగా మాట్లాడి చాలా రోజులైంది.

నేను కాలువ గట్టు మీదికి పోయి కూర్చున్నాను. అక్కడిదాకా వినపడుతోంది. గుద్దు పెద్దదవుతోంది, మధ్యలో ఎడం తగ్గుతోంది. ఆ తర్వాత ఇనుము ఇనుమును చీల్చిన ఒక మోత, దాని వెంటనే నిశ్శబ్దం. కాలువలో నీళ్ల చప్పుడు వినబడింది. పొలాల్లో కలుపు తీస్తున్నవాళ్లు నడుములెత్తి గానుగ వైపు చూశారు.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. రాడ్డు విరిగి ఇంజన్ పక్క గోడను పగలగొట్టుకుని బయటికి వచ్చింది. నల్లటి ఆయిల్ సిమెంటు దిమ్మ మీది నుంచి కారి పిప్పిలోకి ఇంకుతోంది. తొట్టిలో మిగిలిన రసం సాయంత్రానికి పులిసి ఈగలు మూగాయి.

మరునాడు అవ్వ బస్సు దిగింది. గానుగ నడిచే రోజున అక్కడికి వినపడాల్సిన చప్పుడు వినపడక, సంచి చంకలో పెట్టుకుని ఇంటికి రాకుండా సరాసరి గానుగ దగ్గరికే నడిచింది. అప్పటికి నలుగురైదుగురు చూడటానికి వచ్చి ఉన్నారు. ఎట్లయిందని ఎవరో అడిగారు.

"లోపల బోల్టు ఇరిగింది" అన్నాడు బాపు, ఎవరి వైపూ చూడకుండా. "గది సప్పుడు చెయ్యది. ఎవ్వలికి ఇనవడది."

అవ్వ ఆ కంతలోకి తొంగి చూసింది. విరిగిన కీలు చోట నీలంగా కాలిపోయిన బేరింగు ముక్క ఆమెకు కనబడే ఉంటుంది. అది ఎంతసేపు మొత్తుకుంటే అట్లా కాలుతుందో ఆమెకు తెలియంది కాదు.

"అవునవును" అంది. "సప్పుడు చేస్తే ఆయనకు ఇనవడకపోవునా?"

సూర్యారావు గారు కండువాతో మొహం తుడుచుకున్నారు. ముందురోజు ఆయన అక్కడే ఉన్నారు, ఆ గుద్దు ఆయనా విన్నారు. "ఇనుమేనండీ, దానికి మాత్రం ఆయుష్షు తీరిపోదూ" అని, మిగిలిన చెరుకు తోలుకుపోయే బండి కోసం చూశారు.

ఇంజన్ పాత ఇనుము కింద పోయింది. కొత్తది కొనే ఊసు ఎవరూ ఎత్తలేదు. బాపు ఉన్న మడి దున్నుకున్నాడు. రైతులు ఒకరిద్దరు ఆ తర్వాత కూడా వచ్చారు గానీ, ఆయన ముందు నిలబడి నోటితో చప్పుడు చేయడానికి వాళ్లకు ధైర్యం చాలలేదు. ఊరికే మంచిచెడ్డలు అడిగి పోయేవారు. అట్లా వాళ్లకు తెలిసిపోయిందని మాకు తెలిసింది. తుమ్మకట్టెతో ఆయన బర్రెను తోలేవాడు. ఆ తర్వాత ఆయన మాటలే తగ్గిపోయాయి. పెళ్లిళ్లకు, పంచాయితీలకు పోయినప్పుడు అవ్వ పక్కనే కూర్చుని, ఎవరు మాట్లాడుతున్నారో, ఎప్పుడు నవ్వాలో కంటితో చెప్పేది. ఆయన సరిగ్గా నవ్వేవాడు.

ఇప్పుడు ఆ దారిలో పోతే ఎటు చూసినా వరే. ఫ్యాక్టరీ మూతబడి ఏళ్లయింది, చెరుకు వేసేవాళ్లు వేళ్ల మీద లెక్కకు వస్తారు. గానుగ ఉన్న చోట ధాన్యం ఆరబెట్టే కళ్లం ఉంది. సిమెంటు దిమ్మ ఎవరు తవ్వేశారో తెలియదు. పాకం ముదిరే వాసన ఎలా ఉంటుందో మా ఊరి పిల్లలను అడిగితే తెల్లబోయి చూశారు. ఇంజన్లు పోయి కరెంటు మోటార్లు వచ్చాయి. అవి నడుస్తున్నాయో లేదో పక్కన నిలబడితే తప్ప తెలియదు.

అవ్వ కిందటేడు పోయింది. బాపును నిజామాబాద్ తీసుకొచ్చి నాతో పెట్టుకున్నాను. ఆమె లేకపోయాక ఆయనతో మాట్లాడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవడం ఒక్కటే దారి అయింది. అరిచి చెప్పగలిగే మాటలు కొన్నే ఉంటాయి. తిన్నావా, మందు వేసుకున్నావా, పడుకో. ఊరి నుంచి ఎవరైనా వస్తే ఆయన గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

ఎన్నోసార్లు వద్దన్న తర్వాత ఈమధ్య చెవుల డాక్టరు దగ్గరికి రావడానికి ఒప్పుకున్నాడు. డాక్టరమ్మ పరీక్షలు చేసి, ఈ చెవుడు చాలా పాతదని చెప్పింది. చిన్న యంత్రం ఒకటి ఆయన చెవికి అమర్చి, ఏదైనా మాట్లాడమని నాకు సైగ చేసింది. నేను ఆయన వెనక కుర్చీలో ఉన్నాను.

"బాపూ, ఇనవడుతుందా?" అన్నాను. అరవకుండా, మామూలుగా.

ఆయన ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. నన్ను చూసి, నన్ను దాటి నా వెనకాల తలుపు వైపు చూశాడు. ఎవరో ఆడమనిషి లోపలికి వచ్చిందనుకున్నాడు. తలుపు వేసే ఉంది.

"ఎవలే గామె?" అన్నాడు మెల్లగా.

"నేనే బాపూ. నేనే మాట్లాడుతున్న."

ఆయన నా పెదాలు కదలడం చూశాడు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఇంకో మాట కోసం కొంచెంసేపు ఆగాడు. ఆయన చివరిసారి సరిగ్గా విన్నది బడికి పోయే మణి గొంతు.

"నీ గొంతు గింత పెద్దగైందా బిడ్డా" అన్నాడు.